సాఫ్ట్‌వేర్ సందేహాలు: ఏజెంటు చదివే వివరణ ఎలా రాయాలి?

తమ సాఫ్ట్‌వేర్‌ను కృత్రిమ మేధ ఏజెంట్ల చేతికి అప్పగించే ప్రయత్నంలో ఉన్న పాఠకుల ఉత్తరాలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. మనిషి మామూలు మాటల్లో చెప్పిన పనిని అర్థం చేసుకొని, దానికి కావలసిన టూల్స్‌ను (సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క పని చేసిపెట్టే భాగాలను) తానే ఎంచుకొని నడిపించే భాషా మోడల్‌ను ఇక్కడ ఏజెంటు అంటున్నాం.

ప్రశ్న: మందుల హోల్‌సేల్ వ్యాపారులకు స్టాకు, బిల్లింగు సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న సంస్థ మాది. ఈమధ్య ఎంసీపీ సర్వర్ (ఏజెంటుకూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య నిలిచే ప్రోగ్రాము) ఒకటి రాసి మా టూల్స్‌ను ఏజెంటుకు అందించాం. మా ఏపీఐకి (ఇతర ప్రోగ్రాములు మా సాఫ్ట్‌వేర్‌ను వాడుకొనే మార్గానికి) వివరమైన డాక్యుమెంటేషన్ ఉంది, ప్రోగ్రామర్లెవరూ దానిమీద ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు. అయినా ఏజెంటు ఆర్డర్లలో పరిమాణాలు తప్పు వేస్తోంది, గోదాములో ఉన్న మందును లేదని చెబుతోంది. లోపం మోడల్‌దా, మాదా? (మా టూల్స్ వివరణలు జతచేశాను.)
— ఒక ప్రోగ్రామర్, విజయవాడ

జవాబు: మీరు జతచేసిన వివరణలు చదివిన తరువాత, లోపం చాలావరకు అక్కడే ఉందని చెప్పక తప్పదు. ఒకటి ‘గెట్_స్టాక్: స్టాకు వివరాలను ఇస్తుంది’ అని, రెండోది ‘క్రియేట్_ఆర్డర్: ఆర్డరును సృష్టిస్తుంది’ అని ఉన్నాయి. టూల్ పేరు చదివినవారికి ఈ వాక్యాలు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన ఎంసీపీ, అనగా ఏజెంటుకు టూల్స్‌ను అందించే పద్ధతిని నిర్దేశించే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, ప్రకారం సర్వర్ తన టూల్స్ జాబితాను ఇచ్చేటప్పుడు ప్రతి టూల్‌కూ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ గడిలో ఎటువంటి విలువ రావాలో చెప్పే నమూనా) అనే మూడింటిని ప్రధానంగా పంపుతుంది. మోడల్ కంటికి ఆనేవి అవే. మీ వెబ్‌సైటులో ఉన్న వివరమైన డాక్యుమెంటేషన్ ఎంత గొప్పదైనా, దాన్ని మీరు పనిగట్టుకొని అందిస్తే తప్ప, ఆర్డరు వేసే క్షణంలో ఏజెంటు ముందు ఉండదు.

ప్రోగ్రామర్లు ఫిర్యాదు చేయకపోవడానికి కారణం వేరు. దుకాణంలో కొత్తగా చేరిన గుమాస్తా అర్థం కానిది పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నట్టే, వారు మీకు ఫోను చేశారు, డేటాబేసు తెరిచి చూశారు, ఒకటి రెండు పరీక్షా ఆర్డర్లు వేసి సరిచూసుకున్నారు. డాక్యుమెంటేషన్‌లోని ఖాళీలు అలా మీకు తెలియకుండానే పూడిపోయాయి. ఏజెంటు మాత్రం ఖాళీ కనిపించిన చోట, తాను నేర్చుకున్నదాన్నిబట్టి అన్నిటికన్నా సంభావ్యమని తోచిన అర్థాన్ని వేసుకొని ముందుకు సాగుతుంది. ఆ ఊహ సాధారణంగా సమంజసంగానే ఉంటుంది కాబట్టి తప్పు వెంటనే బయటపడదు.

పరిమాణం సంగతే చూడండి. మీ స్కీమాలో ‘క్వాంటిటీ: సంఖ్య’ అని మాత్రమే ఉంది. మెడికల్ షాపువారు ‘ఇరవై పంపండి’ అన్నప్పుడు అవి ఇరవై స్ట్రిప్పులని మీకూ తెలుసు, మీ సేల్స్‌మెన్‌కూ తెలుసు. పదిహేను మాత్రల స్ట్రిప్పును ఎన్నడూ చూడని మోడల్ దాన్ని ఇరవై మాత్రలుగా తీసుకొని రెండు స్ట్రిప్పులకు సరిపెట్టవచ్చు, లేదా ఇరవై డబ్బాలు అనుకోవచ్చు. సిరప్పుల దగ్గరికి వస్తే అదే గడిలో సీసాలు కూర్చుంటాయి. కాబట్టి ఒకే సంఖ్యతో సరిపెట్టకుండా, పక్కనే ‘యూనిట్’ అనే మరో గడి పెట్టి, అందులో స్ట్రిప్పు, సీసా, డబ్బా అనే విలువలు తప్ప మరేదీ చెల్లకుండా స్కీమాలోనే కట్టడి చేయాలి. వివరణలో చెప్పే మాటను మోడల్ పట్టించుకోకపోయే అవకాశం ఎప్పుడూ కొంత ఉంటుంది. స్కీమాలోని కట్టడిని సర్వర్ తనిఖీ చేసి తిప్పికొట్టగలదు. పదికి ఒకటి ఉచితం వంటి స్కీములు మీ వ్యాపారంలో మామూలే కనుక, ఆ ఉచిత స్ట్రిప్పును ఆర్డరు సంఖ్యలో కలపాలా, బిల్లింగు ప్రోగ్రామే కలుపుకుంటుందా అన్నది కూడా తప్పక రాయవలసిన సంగతే.

గడువు తేదీది ఇంకా సున్నితమైన వ్యవహారం. స్ట్రిప్పు మీద నెల, సంవత్సరం మాత్రమే ముద్రించి ఉంటాయి. ‘03/26’ అన్నదాన్ని మోడల్ మార్చి 26గా చదివే ప్రమాదం ఒకటి. 2026 మార్చి అని సరిగానే చదివినా, మీ స్కీమా పూర్తి తేదీని అడుగుతోంది కనుక దాన్ని మార్చి 1గా పూరించడం రెండోది. మన దేశంలో నెల, సంవత్సరం మాత్రమే ఉన్న గడువు ఆ నెల చివరి రోజు వరకు చెల్లుతుంది. మార్చి 1 అని నమోదైతే నెల పొడవునా అమ్ముకోదగిన సరుకు గడువు తీరిన లెక్కలోకి పోతుంది. ‘2026-03’ వంటి రూపాన్నే తీసుకొని, నెలాఖరు లెక్కను మీ ప్రోగ్రాములోనే వేయండి. వివరణలో మూడు వాక్యాలు రాసి సర్దుకోవలసిన చిక్కును టూల్‌లో ఒక్క మార్పుతో తీసివేయగలిగితే అదే మేలు.

ఇక ఉన్న మందును లేదనడం. మీ టూల్ బ్రాండు పేరు అక్షరాలా కలిస్తేనే వెతుకుతుందని, కలవకపోతే ఖాళీ జాబితా ఇస్తుందని మీరు పంపిన కాగితాల్లో ఉంది. అదే ఖాళీ జాబితా మందు నమోదై ఉండి స్టాకు సున్నా అయినప్పుడు కూడా వస్తోంది. ఈ రెండు సందర్భాలను ఏజెంటు ఎలా వేరుచేయగలదు? పేరు తప్పు పడినప్పుడు ‘ఈ పేరుతో మందు నమోదు కాలేదు, దగ్గరి పేర్లు ఇవి’ అనీ, స్టాకు లేనప్పుడు ‘నమోదై ఉంది, ప్రస్తుత స్టాకు సున్నా’ అనీ జవాబు రావాలి. అంతేకాక మీ టూల్ మొదటి 50 వరుసలే ఇచ్చి ఆగిపోతోంది, మిగిలినవి ఉన్నాయన్న సూచన ఎక్కడా లేదు. యాభై ఒకటో వరుసలో ఉన్న మందు ఏజెంటు దృష్టిలో లేనట్టే. టూల్ తిరిగి ఇచ్చే జవాబులూ, దోష సందేశాలూ డాక్యుమెంటేషన్‌లో భాగమేనన్న సంగతిని చాలామంది మరచిపోతారు. నా దృష్టిలో అసలు వివరణకన్నా వాటికే ఎక్కువ శ్రద్ధ అవసరం, ఎందుకంటే ఏజెంటు తన పొరపాటును దిద్దుకొనే అవకాశం అక్కడే ఉంటుంది. ‘400: చెల్లని ఇన్‌పుట్’ అన్న సందేశం చూసి అది చేయగలిగిందేమీ లేదు. ‘గడువు 2026-03 రూపంలో ఉండాలి, మీరు ఇచ్చినది 03/26’ అంటే మరుక్షణమే సరిచేసుకొని మళ్లీ పిలుస్తుంది. ఎంసీపీలో ఇటువంటి దోషాలను ప్రోటోకాల్ స్థాయి ఎర్రర్‌గా పంపకుండా, టూల్ ఫలితంలోనే దోషమని గుర్తు పెట్టి పంపే ఏర్పాటు ఉన్నది ఇందుకే.

మీ మొదటి టూల్ వివరణను నేనైతే ఇలా రాస్తాను: ‘ఒక మందు గోదాములో ఎంత ఉందో బ్యాచీలవారీగా చెబుతుంది. ధర గానీ, వినియోగదారుని బాకీ గానీ దీనితో తెలియదు. ధరకు గెట్_ప్రైస్ వాడాలి. బ్రాండు పేరుతో గానీ జెనరిక్ పేరుతో గానీ వెతకవచ్చు, స్పెల్లింగు కొంత తేడాగా ఉన్నా దగ్గరి పేర్లు చూపుతుంది. పరిమాణాలు మాత్రల్లో కాక స్ట్రిప్పుల్లో లేదా సీసాల్లో ఉంటాయి. గడువు తీరిన బ్యాచీలు ఫలితంలో రావు. ఒకసారికి 50 వరుసలు వస్తాయి. ఇంకా ఉంటే ‘తరువాతి పేజీ’ విలువ నిండి ఉంటుంది. రాత్రి జరిగే స్టాకు సర్దుబాటు సమయంలో సంఖ్యలు పాతవి కావచ్చు.’ చివరి వాక్యం పెట్టడానికి చాలా సంస్థలు జంకుతాయి. కానీ 1971 నవంబరులో వెలువడిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం మాన్యువల్ మొదటి కూర్పులోనే, తెలిసిన లోపాలను చెప్పే ‘బగ్స్’ అనే శీర్షిక ఉంది. అరశతాబ్దం కింద సిగ్గుపడకుండా రాసినదాన్ని ఇప్పుడు దాచుకోవడంలో అర్థం లేదు.

ప్రశ్న: కళాశాల ప్రవేశాల దరఖాస్తులను విద్యార్థులు తెలుగులో మాట్లాడి నింపుకొనేలా ఒక ఏజెంటును సిద్ధం చేస్తున్నాం. టూల్ వివరణలను కూడా తెలుగులో రాయడం మంచిదా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇప్పటి పెద్ద మోడల్స్ తెలుగు వివరణను చదివి అర్థం చేసుకోగలవు కాబట్టి రాయకూడదనేమీ లేదు. అయితే చాలా మోడల్స్‌లో ఒకే విషయానికి ఇంగ్లీషుకన్నా తెలుగులో ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టి చదివే ముక్కలు) ఖర్చవుతాయి, పైగా టూల్ వివరణ ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందుకు వెళ్తుంది కనుక ఆ ఖర్చు పదేపదే పడుతుంది. అందువల్ల వివరణ ఇంగ్లీషులోనే ఉంచి, విద్యార్థి నోట వచ్చే తెలుగు మాటలను మాత్రం అవసరమైన చోట ఉదాహరణలుగా ఇవ్వమని నా సలహా. ‘రెండున్నర లక్షలు’ అంటే 250000 అనీ, వార్షికాదాయం గడిలో కామాలు గానీ రూపాయి గుర్తు గానీ ఉండరాదనీ, తెలుగు అంకెలు రాకూడదనీ చెప్పాలి. ఫీజు చెల్లింపును కూడా ఏజెంటుకే అప్పగిస్తే మరింత జాగ్రత్త అవసరం. ఆన్‌లైన్ చెల్లింపులు జరిపే అనేక పేమెంట్ గేట్‌వేలు సొమ్మును పైసల్లో తీసుకుంటాయి. 500 రూపాయలకు 50000 అని ఇవ్వవలసిన చోట 500 ఇస్తే అయిదు రూపాయలే వసూలవుతాయి. ‘ఎల్లుండి’, ‘వచ్చే సోమవారం’ వంటి మాటలను తేదీగా మార్చాలంటే ఈరోజు ఏ తేదీయో మోడల్‌కు తెలియాలి, కనుక దాన్ని మీరే అందించండి.

పేరు విషయంలో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ అనే రెండు గడులు పెట్టారంటే చిక్కు కొనితెచ్చుకున్నట్టే. మనవారిలో ఇంటిపేరు ముందు వస్తుంది, చాలామందికి అది ఒక్క అక్షరంగానే రికార్డుల్లో ఉంటుంది, చివరి మాట ‘రావు’ అయినా ‘కుమారి’ అయినా అది ఇంటిపేరు కాదు. ఒకే గడి పెట్టి, ‘పదో తరగతి మార్కుల మెమోలో ఉన్నట్టే, అదే స్పెల్లింగుతో, అదే వరుసలో పూర్తి పేరు’ అని వివరణ రాయండి. స్పెల్లింగు వినికిడిమీద తేలేది కాదు కాబట్టి, ‘విద్యార్థి చేత ఒక్కొక్క అక్షరం చెప్పించి నిర్ధారించుకున్న తరువాతనే ఈ టూల్‌ను పిలవాలి’ అని కూడా చేర్చండి.

జిల్లా గడికి అనుమతించిన పేర్ల జాబితాను స్కీమాలో ఇవ్వడం మంచి పద్ధతే. కానీ అటువంటి జాబితాలు చప్పున పాతబడతాయి. తెలంగాణలో జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31కి పెరిగాయి, 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26గా మారాయి. మీ స్కీమాలో 31 పేర్ల జాబితాయే మిగిలిపోతే, విద్యార్థి ‘ములుగు’ అని స్పష్టంగా చెప్పినా, జాబితా దాటి పోలేని మోడల్ గుట్టుచప్పుడు కాకుండా జయశంకర్ భూపాలపల్లి అని నింపేస్తుంది. ఆ జాబితాను చేత్తో రాయకుండా, మీ ప్రోగ్రాము వాడే పట్టికనుంచే తయారయ్యేలా చూడండి. ‘జాబితాలో లేదు’ అనే విలువనూ అందులో ఉంచితే, మోడల్ ఇరుకున పడి అబద్ధం చెప్పే అవసరం రాదు.

ప్రశ్న: నేను ఇంజనీరింగు విద్యార్థిని. కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైపు చేస్తే నడిచే చిన్న టూల్ ఒకటి రాశాను. కోడింగు ఏజెంట్లు దాన్ని వాడుకోవాలంటే ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?
— ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఏజెంటు మొదట నడిపేది సాధారణంగా మీ ‘హెల్ప్’ ఆప్షన్‌నే. అందులో ఆప్షన్ల పట్టికతోపాటు, అలాగే తీసి నడపదగిన ఆదేశాలు రెండు మూడు ఇవ్వండి; పట్టికకన్నా అవే ఎక్కువ ఉపకరిస్తాయి. మధ్యలో ఆగి ‘కొనసాగించాలా? వై/ఎన్’ అని అడిగే చోటు ఎక్కడైనా ఉంటే, ఆ ప్రశ్నకు ముందుగానే జవాబిచ్చే ఆప్షన్ ఉండాలి, అది ఉన్నట్టు హెల్ప్‌లో కనిపించాలి. లేకపోతే ఏజెంటు ఆ ప్రశ్న దగ్గరే గడువు తీరేదాకా నిలబడిపోతుంది. విఫలమైనప్పుడు ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఇచ్చే సంఖ్య, సున్నా అంటే పని సఫలమైందని అర్థం) సున్నా కాకుండా చూసుకోండి.

ప్రశ్న: మా సర్వర్లను చూసుకొనే ఏజెంటుకు ఇచ్చిన టూల్స్‌లో బ్యాకప్ తొలగించేది కూడా ఉంది. ‘మనిషి అనుమతి లేకుండా దీన్ని వాడరాదు’ అని పెద్ద అక్షరాల్లో రాశాం. అది చాలుతుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చాలదు. వివరణలోని హెచ్చరిక మోడల్ ప్రవర్తనను ఒక వైపు మొగ్గేలా చేస్తుందే తప్ప, తాళం వేయదు. తొలగించే అధికారం ఏజెంటు వాడే ఖాతాకు లేకుండా చేయడం మొదటి పని. తప్పనిసరి అయితే, ఏమేమి పోతాయో చూపించి ఆగిపోయే పరీక్షా పద్ధతిని ఒక టూల్‌గానూ, మనిషి ఇచ్చిన నిర్ధారణ సంకేతంతో మాత్రమే నడిచేదాన్ని మరొక టూల్‌గానూ విడదీయడం రెండోది. ఎంసీపీలో ఒక టూల్ చదివేదేనా, దేన్నైనా నాశనం చేసేదా, రెండోసారి పిలిస్తే అదనపు ప్రభావం ఉంటుందా అన్న సంగతులను తెలిపే గుర్తులు ఉన్నాయి. ఏ గుర్తూ పెట్టకపోతే ఆ టూల్ మార్పులు చేసేదని, నాశనం కూడా చేయగలదని భావించాలన్నది అందులోని నియమం. అయితే అవి సూచనలు మాత్రమేనని, నమ్మకమైన సర్వర్ నుంచి వస్తే తప్ప వాటిని విశ్వసించరాదని ఎంసీపీ ప్రమాణ పత్రమే చెబుతోంది.

రెండోసారి పిలవడం గురించి ఇంకొక మాట. నెట్‌వర్కు ఆలస్యంవల్ల జవాబు రాకపోతే ఏజెంటు అదే పనిని మళ్లీ చేయడం సహజం. అలా చేస్తే రెండో ఆర్డరు, రెండో చెల్లింపు పడుతుందా, లేక మొదటిదే తిరిగి చూపబడుతుందా అన్న సంగతి వివరణలో లేకపోతే, దానికి తెలిసే మార్గమే లేదు. ప్రతి పిలుపుకూ ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్యను అడిగి, అదే సంఖ్య మళ్లీ వస్తే కొత్త పని చేయకుండా పాత ఫలితాన్నే ఇచ్చేలా టూల్‌ను రాయడం ఉత్తమం.

మీరు ఇతరుల సర్వర్లను కూడా కలుపుకుంటున్నట్టు రాశారు. వారి టూల్ వివరణలు కూడా మీ మోడల్ చదివే పాఠంలోకే వస్తాయి. ఆ వివరణలో ‘ఈ టూల్‌ను పిలిచే ముందు ఫలానా ఫైలును చదివి దీనికి పంపు’ అని ఎవరైనా దాచిపెడితే మోడల్ దాన్ని పాటించే ప్రమాదం ఉందని 2025లో భద్రతా పరిశోధకులు చూపించారు. కలుపుకొనే ముందు ఆ వివరణలను ఒక మనిషి పూర్తిగా చదవాలి, అవి తరువాత మారితే మీకు తెలిసే ఏర్పాటు ఉండాలి.

ప్రశ్న: వివరణ ఎంత పొడుగు ఉండవచ్చు? అలాగే ఎల్‌ఎల్‌ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ, ఏజెంట్స్ డాట్ ఎండీ అనే ఫైళ్లు తప్పనిసరా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఒక్కొక్క టూల్ పొడుగుకన్నా మొత్తం టూల్స్ సంఖ్య గురించే ముందు ఆలోచించాలి. ఏపీఐలోని ప్రతి ఎండ్‌పాయింటునూ (ఒక్కొక్క పనికి ఉండే చిరునామానూ) ఒక టూల్‌గా మార్చి వేసేవారిని తరచుగా చూస్తున్నాం. పోలికలున్న పాతిక టూల్స్ మధ్య మోడల్ తికమక పడుతుంది, వాటి వివరణలన్నీ కలిసి అసలు పనికి ఉండవలసిన చోటును తినేస్తాయి. మనిషి ఒక పనిగా భావించేది ఒక టూల్ కావాలి. ఆ తరువాత, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో, ఏ కొలతల్లోనో చెప్పడానికి ఎన్ని వాక్యాలు అవసరమైతే అన్ని రాయండి. ‘శక్తిమంతమైన’, ‘సులభమైన’ వంటి ప్రచార పదాలను తీసేస్తేనే సగం చోటు మిగులుతుంది.

మీరు అడిగిన ఫైళ్లలో మొదటిది, వెబ్‌సైటులోని ముఖ్య పత్రాలకు మోడల్స్ కోసం ఒక సూచిక ఉంచాలని కృత్రిమ మేధ పరిశోధకుడు జెరెమీ హోవర్డ్ 2024 సెప్టెంబరులో చేసిన ప్రతిపాదన. అది ప్రతిపాదనే, ప్రతి ఏజెంటూ దాన్ని వెతుకుతుందని ఆశించకూడదు. రెండోది కోడ్ రిపాజిటరీలో (ప్రాజెక్టు కోడ్ అంతా భద్రపరిచే చోట) పనిచేసే ఏజెంట్ల కోసం. ప్రాజెక్టును ఎలా బిల్డ్ చేయాలి, పరీక్షలు ఎలా నడపాలి, వేటిని ముట్టుకోకూడదు అన్నవి అందులో ఉంటాయి. అనేక కోడింగు ఏజెంట్లు దాన్ని చదువుతాయి కనుక ఇప్పటికిప్పుడు ప్రయోజనం కనిపించేది దానితోనే.

ప్రశ్న: వివరణ మెరుగుపడిందో లేదో కొలిచేదెలా? మా బృందంలో ప్రతివారూ తమ వాక్యమే బాగుందంటున్నారు.
— ఒక టెక్నికల్ రైటర్, హైదరాబాద్

జవాబు: మీ వాడుకదారులు నిజంగా రాసిన మాటలను, వారి పేర్లూ ఫోను నంబర్లూ తీసేసి, ఒక చోట చేర్చండి. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్లు, ఫిర్యాదులు ఇందుకు చక్కగా పనికివస్తాయి, ఎందుకంటే మనం కల్పించి రాసే వాక్యాలు మనకు తెలియకుండానే మన టూల్స్ పేర్లనే వల్లిస్తుంటాయి. ప్రతి మాటకూ ఏ టూల్‌ను, ఏ విలువలతో పిలవాలో ముందుగానే రాసి పెట్టుకోండి. ఏ టూల్‌నూ పిలవకుండా తిరిగి ప్రశ్న అడగవలసినవి, అసలు మీ సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనివి కూడా కొన్ని కలపండి. వివరణ మరీ ఉత్సాహంగా రాసి ఉంటే అది పట్టుబడేది వీటి దగ్గరే. అదే మాటకు మోడల్ ఒకసారి ఒక విధంగా, మరొకసారి మరొక విధంగా స్పందించవచ్చు కనుక ప్రతిదాన్నీ పలుమార్లు నడిపి, ఎన్నిసార్లు సరిగా వచ్చిందో నమోదు చేయండి.

తరువాత వివరణలో ఒక్కసారికి ఒక్క మార్పే చేసి మళ్లీ నడపండి. ఎవరి వాక్యం నిలవాలో ఆ పట్టికే తేలుస్తుంది. టూల్ ఎంపిక సరిగా ఉండి విలువలు తప్పుతుంటే గడుల వివరణను దిద్దాలి; ఎంపికే తప్పుతుంటే రెండు టూల్స్ వివరణలను పక్కపక్కన పెట్టి, వాటి మధ్య తేడా ఏ వాక్యంలో కనిపిస్తోందో చూడాలి. తరచుగా ఆ వాక్యం ఉండనే ఉండదు. వివరణను మోడల్‌కే ఇచ్చి ‘ఇందులో అస్పష్టంగా ఉన్నదేమిటి?’ అని అడగడం కూడా పనికివస్తుంది, కానీ అది చెప్పిన ప్రతిదాన్నీ చేర్చుకుంటూ పోతే వివరణ చాంతాడులా సాగుతుంది. పట్టికలో ఫలితం మారనప్పుడు ఆ చేర్పును వెనక్కి తీసుకోండి. మోడల్ కొత్త కూర్పు వచ్చినప్పుడు, టూల్‌లో ఒక గడి మారినప్పుడు ఇదంతా మళ్లీ నడపవలసి ఉంటుంది గనుక, ఆ పరీక్షల ఫైళ్లను కోడ్‌తోపాటే రిపాజిటరీలో ఉంచి, విడుదలకు ముందు వాటంతట అవే నడిచేలా ఏర్పాటు చేయించండి.